పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే: ఓఆర్‌ఎస్ కలపడం, పట్టడం, కనిపెట్టుకోవడం ఎలా

తొలకరి పడిన వారానికల్లా నా ఫోను మోగడం మొదలవుతుంది. "అక్కా, పొద్దుటి నుంచి బాబుకి ఏడు మోషన్లు. ఓఆర్‌ఎస్ తెచ్చాం, ఎన్ని నీళ్ళలో కలపాలి?" "పాప తాగిందంతా కక్కేస్తోంది, ఆపేయనా?" "మా అత్తగారు పాలు పట్టొద్దంటున్నారు, నిజమేనా?" పిల్లల వార్డులో నర్సుగా పందొమ్మిదేళ్ళు చేశాను. అడిగే మనుషులు మారారు గానీ అడిగేవి ఇవే. అందుకే అంతా ఒక్కచోట వరసగా రాస్తున్నాను. దాచుకోండి. అవసరం పడ్డ రాత్రి టెన్షన్ పడకుండా చూసుకుంటూ చేసుకుపోవచ్చు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. విరేచనాలప్పుడు బిడ్డకు ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీళ్ళూ ఉప్పూ. చాలామంది పిల్లల్లో విరేచనాలు మూడు నుంచి ఏడు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ లోపు పోయినదాన్ని పోయినట్టు తిరిగి పట్టడమే మన పని. అందుకే ఓఆర్‌ఎస్, అంటే ఉప్పూ గ్లూకోజూ సరిపాళ్ళలో ఉన్న పొడిని నీళ్ళలో కలిపి పడతాం. అది తాగగానే మోషన్లు ఆగిపోవు. "పట్టాం, పని చేయలేదు" అని రెండో గ్లాసుకే వదిలేసేవాళ్ళు చాలామంది. దెబ్బ తినేది అక్కడే.

ఇంట్లో ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళు

ఇది మొదట చదవండి. కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చూసుకోవచ్చు.

- రెండు నెలల లోపు పసిబిడ్డ
- మగతగా పడి ఉండి, పిలిచినా కదిపినా సరిగ్గా చూడని బిడ్డ. ఫిట్స్ వచ్చిన బిడ్డ
- రొమ్ము పట్టలేకపోతున్న, చెంచాతో పోసినా మింగలేని బిడ్డ
- ఏది పట్టినా వెంటనే మొత్తం కక్కేయడం, లేదా ఆకుపచ్చ రంగులో వాంతి
- మోషన్‌లో రక్తం
- ఆరు గంటలు దాటినా ఉచ్చ పోయకపోవడం
- కళ్ళు లోపలికి పోవడం, నడినెత్తిన మాడు గుంట పడటం, చేతులూ కాళ్ళూ చల్లబడటం
- బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు ధారగా పోతూనే ఉండటం
- పొట్ట ఉబ్బి గట్టిపడటం, బాగా జ్వరం
- ముందు నుంచీ బరువు బాగా తక్కువగా, బక్కచిక్కి ఉన్న బిడ్డ

బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. బిడ్డ మెలకువగా ఉండి మింగగలుగుతుంటే దారి పొడవునా ఓఆర్‌ఎస్ చెంచాతో పడుతూనే ఉండండి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతుంది.

ఇంకో సంగతి. తల్లిపాలు మాత్రమే తాగే చంటిబిడ్డ రోజుకు ఆరేడుసార్లు పసుపురంగులో పల్చగా పోవడం మామూలే. బిడ్డ హుషారుగా ఉండి, పాలు తాగుతూ, బరువు పెరుగుతుంటే అది జబ్బు కాదు. రోజూ పోయే తీరు మారి ఒక్కసారిగా నీళ్ళలా, ఎక్కువసార్లు పోతుంటేనే విరేచనాలు అనుకోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు మూడు, జింక్ మాత్రలు. ఈ రెండూ ఆశా కార్యకర్త దగ్గర, సబ్‌సెంటర్‌లో, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. మందుల షాపులోనూ దొరుకుతాయి. వీటితో పాటు కాచి చల్లార్చిన నీళ్ళు, లీటరు కొలతకు ఒక ఖాళీ వాటర్ బాటిల్, మూత ఉన్న శుభ్రమైన గిన్నె, చెంచా, చిన్న గ్లాసు, సబ్బు కావాలి. చంటిబిడ్డయితే ఉగ్గుగిన్నె మహా బాగా పనికొస్తుంది. పాత నోటుబుక్కు ఒకటి, పెన్ను ఒకటి కూడా తప్పకుండా పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను.

పాలసీసాతో ఓఆర్‌ఎస్ పట్టొద్దు. బిడ్డ దాహం కొద్దీ గటగటా లాగేసి వాంతి చేసుకుంటుంది. సీసా పీక శుభ్రం చేయడం కూడా కష్టం.

1. ప్యాకెట్ సరైనదేనా చూడండి

పెద్ద ప్యాకెట్ 1 లీటరు నీళ్ళకు, పొడి దాదాపు 21 గ్రాములు ఉంటుంది. చిన్న ప్యాకెట్ 200 మి.లీ. నీళ్ళకు, పొడి 4 గ్రాముల పైచిలుకు. ఎన్ని నీళ్ళకో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే షాపతన్నే అడిగి, పెన్నుతో ప్యాకెట్ మీద తెలుగులో రాయించుకోండి. అసలైన ఫార్ములాలో లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 ఉంటాయి. ఈ నాలుగు అంకెలు కనిపిస్తే సరైన ప్యాకెట్టే.

షాపుల్లో రంగురంగుల డబ్బాల్లో, కలిపి సిద్ధంగా అమ్మే తియ్యటి పానీయాలను చాలామంది ఓఆర్‌ఎస్ అనుకుని కొనేవాళ్ళు. వాటిలో కొన్నింటి పేరులోనే ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు ఉండేవి, లోపల మాత్రం చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశంలో ఆహార నియమాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆవిడకు ఈ దేశంలో తల్లులంతా రుణపడి ఉన్నారని నా నమ్మకం. మీరు మాత్రం పేరు చూసి కొనకండి, వెనకున్న అంకెలు చూసి కొనండి. చక్కెర ఎక్కువైతే అది పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగుతుంది, మోషన్లు పెరుగుతాయి. ఉత్త గ్లూకోజ్ పొడీ పనికిరాదు, అందులో ఉప్పు ఉండదు.

2. నీళ్ళు కొలవండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక రాత్రి పది నెలల పాపను తీసుకొచ్చారు. తల్లి చేతిలో స్టీలు గ్లాసు, మీద పమిట కొంగు కప్పి ఉంది. "మూడు గంటల నుంచి పడుతున్నానమ్మా, దాహం తీరడం లేదు, ఇంకా ఇంకా ఏడుస్తోంది" అంది. గ్లాసులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. సముద్రం నీళ్ళే. లీటరు ప్యాకెట్ మొత్తం ఆ ఒక్క గ్లాసులో కలిపేశారు. "మందు కదా, చిక్కగా ఉంటే త్వరగా పనిచేస్తుందనుకున్నాం" అన్నాడు తండ్రి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగిపోతుంది, అది మెదడుకు ప్రమాదం. ఆ పాప కోలుకుంది. కానీ ఆ గ్లాసు రుచి ఇప్పటికీ నా నాలిక మీద ఉంది.

కాబట్టి కొలత ఇలా. "1 లీటరు" అని రాసి ఉన్న వాటర్ బాటిల్‌ను సబ్బుతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు మెడ వరకు నింపండి. కూల్‌డ్రింక్ సీసాలతో కొలవకండి, 750 మి.లీ. ఉంటాయి, లీటరుంపావు ఉంటాయి, చూపుకు ఒకేలా కనిపిస్తాయి. చిన్న ప్యాకెట్ అయితే మి.లీ. గీతలున్న పాలసీసాలో 200 గీత దాకా కొలుచుకోండి. ఇంట్లో గ్లాసుల్ని నమ్మకండి. ఒకే సెట్టులో కొన్నవి కూడా ఒకటి 180 పడితే ఇంకోటి 250 పడుతుంది.

కాచిన నీళ్ళు లేకపోతే ఇంట్లో రోజూ తాగే మంచినీళ్ళే వాడండి. నీళ్ళు కాగి చల్లారేదాకా బిడ్డను ఎండగట్టడం కన్నా అదే నయం.

3. కలపండి

చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్ళు గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేసి పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పండి. సగం పొడి ఇప్పుడు, సగం తర్వాత అని దాచకండి. అందులో ఉప్పు, గ్లూకోజ్ పొడిగా కలిసి ఉంటాయి, ఏ సగంలో ఏది ఎంత పడిందో తెలియదు. పైగా తెరిచిన పొడి వానాకాలంలో పూటలోనే తడిసి గడ్డ కడుతుంది.

పంచదార, పాలు, పళ్ళరసం, తేనె ఏదీ చేర్చొద్దు. కలిపిన తర్వాత మళ్ళీ పొయ్యి మీద పెట్టొద్దు. మూత పెట్టి, కలిపిన టైము రాసుకోండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపుకోవాలి.

4. మీరు రుచి చూడండి

వేరే చెంచాతో కొంచెం నాలిక మీద వేసుకోండి. కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉండకూడదు. అంతకు మించి ఉంటే కొలత తప్పింది, పారబోయండి. "ఇంకొంచెం నీళ్ళు పోసి సరిచేద్దాం" అనుకోవద్దు, ఎన్ని పోస్తే సరిపోతుందో మీకు తెలియదు. ప్యాకెట్ ఖరీదు చూసుకుని వెనకాడే సమయం కాదు.

5. పట్టండి

లెక్క ఇది. ప్రతి నీళ్ళ మోషన్ తర్వాత:

- 2 ఏళ్ళ లోపు: 50 నుంచి 100 మి.లీ.
- 2 నుంచి 10 ఏళ్ళు: 100 నుంచి 200 మి.లీ.
- 10 ఏళ్ళు దాటితే: తాగగలిగినంత

50 మి.లీ. అంటే పది టీస్పూన్లు. చిన్నపిల్లలకు ఒకటి రెండు నిమిషాలకో చెంచా చొప్పున పట్టాలి. ఒడిలో సగం కూర్చున్నట్టు పెట్టుకుని, చెంచాను కింది పెదవి మీద ఆనించి, బిడ్డ తనే లాక్కునేలా ఉంచండి. పడుకోబెట్టి గొంతులో పోయకండి. పెద్ద పిల్లలైతే గ్లాసిచ్చి గుక్క గుక్కగా తాగమనండి.

పది చెంచాలు, మళ్ళీ మోషన్, మళ్ళీ పది చెంచాలు. రాత్రంతా ఇది చేయాలంటే చేతులు పడిపోతాయి, నాకు తెలుసు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి. నాన్న, తాతయ్య, పిన్ని ఎవరైనా పట్టొచ్చు, దీనికి చదువు అక్కర్లేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు కలరా సోకినప్పుడు, బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ అయిపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే పట్టించారు. నూటికి ముప్ఫై వరకు ఉన్న చావులు నాలుగు లోపుకు పడిపోయాయి. "ఉత్త ఉప్పునీళ్ళతో ఏమవుతుంది?" అని ఎవరన్నా అంటే ఇది చెప్పండి.

బిడ్డ వద్దంటే బలవంతం చేయకండి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డ ఆత్రంగా తాగుతుంది, నీరు సరిపోయాక రుచి నచ్చక మొహం తిప్పుకుంటుంది. చాలాసార్లు మొహం తిప్పుకోవడం మంచి గుర్తే. మిగతా గుర్తులతో కలిపి చూసుకోండి. కనురెప్పలు ఉబ్బినట్టు కనిపిస్తే ఓఆర్‌ఎస్ ఎక్కువైంది. అది ఆపి తల్లిపాలు, మంచినీళ్ళు పట్టండి.

6. వాంతి చేసుకుంటే

పది నిమిషాలు ఆగండి. తర్వాత మళ్ళీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకో చెంచా. వాంతిలో మొత్తం పోయినట్టు కనిపిస్తుంది గానీ కొంత లోపల ఉండిపోతుంది. "వాంతి అయింది కాబట్టి పడటం లేదు" అని ఆపేయడం ఈ విషయంలో రెండో పెద్ద తప్పు. నెమ్మదిగా పట్టినా ప్రతిసారీ కక్కేస్తుంటే మాత్రం ఆస్పత్రికి వెళ్ళండి. వాంతుల మందు డాక్టరు బిడ్డను చూసి ఇవ్వాలి, పక్కింటి పాపకు రాసిన సిరప్ వాడకూడదు.

7. జింక్ మొదలుపెట్టండి

ఇది చాలా ఇళ్ళల్లో జరగడం లేదు. జింక్ వేస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి, ఆ తర్వాత రెండు మూడు నెలల దాకా మళ్ళీ పట్టుకునే అవకాశమూ తగ్గుతుంది.

2 నుంచి 6 నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., అంటే 20 మి.గ్రా. మాత్రలో సగం. 6 నెలలు దాటి 5 ఏళ్ళ లోపు వాళ్ళకు రోజుకు ఒక మాత్ర, 20 మి.గ్రా. మొత్తం 14 రోజులు. చెంచాలో మాత్ర పెట్టి కొంచెం తల్లిపాలో కాచి చల్లార్చిన నీళ్ళో పోస్తే కరిగిపోతుంది. కొంచెం లోహం రుచి ఉంటుంది. వేసిన అరగంటలోపు కక్కేస్తే ఇంకోటి వేయండి. సిరప్ అయితే సీసా మీద 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉందో చూసి కొలవండి, అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండవు.

మోషన్లు తగ్గగానే నాలుగో రోజుకు జింక్ ఆపేస్తారు. ఆపొద్దు. క్యాలెండర్ మీద 14 గళ్ళకు సున్నా చుట్టి, వేసిన రోజల్లా కొట్టేసుకుంటూ పోండి.

8. పాలు ఆపొద్దు, అన్నం ఆపొద్దు

"లంఖణం పరమౌషధం" అన్న మాట మన ఇళ్ళల్లో గట్టిగా పాతుకుపోయింది. పెద్దవాళ్ళ అజీర్తికి అది సరిపోతుందేమో గానీ, పిల్లల విరేచనాలకు వర్తించదు. పస్తు పెడితే పేగులు కోలుకోవడం ఆలస్యమవుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, బరువు తగ్గిన బిడ్డకు మళ్ళీ విరేచనాలు త్వరగా పట్టుకుంటాయి. ఈ చక్రంలో పడి చిక్కి శల్యమైన పిల్లల్ని ఎంతమందిని చూశానో.

తల్లిపాలు మామూలు కన్నా ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలల లోపు తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు పాలు, ఓఆర్‌ఎస్, రెండు నెలలు నిండాక జింక్, అంతే. పెద్ద పిల్లలకు మెత్తగా ఉడికించిన పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప పెట్టండి. అన్నంలో అర చెంచా నెయ్యి వేస్తే తప్పులేదు, బలం వస్తుంది. ఒకేసారి కంచం నింపకుండా రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా.

ఓఆర్‌ఎస్‌కు తోడుగా ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, లేత కొబ్బరినీళ్ళు, పప్పుకట్టు ఇవ్వొచ్చు. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్ళరసాలు, టీ, కాఫీ వద్దు.

అత్తగారితో ఈ విషయంలో గొడవ పడకండి. "అత్తయ్యా, డాక్టరుగారు పెట్టమన్నారు, మీరు కలిపి పెడితే మీ చేత్తో తింటాడు" అని పెరుగన్నం గిన్నె వాళ్ళ చేతికే ఇవ్వండి. వార్డులో నేను చేసింది ఇదే. వద్దన్న చేతులే ముద్దలు పెట్టేవి.

9. రాసుకోండి, కనిపెట్టుకోండి

నోటుబుక్కు ఇందుకే. ఒక్కో వరసలో టైము, మోషన్, వాంతి, ఎంత తాగింది, ఉచ్చ పోసిందా అని ఐదు మాటలు చాలు. "రాత్రి 9.40, మోషన్ నీళ్ళలా, 70 మి.లీ. తాగింది, ఉచ్చ పోసింది." తెల్లారేసరికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చినా ఈ కాగితం చూస్తే డాక్టరుకు సగం విషయం తెలిసిపోతుంది.

పట్టింది సరిపోతోందా అని తెలుసుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఉచ్చ. మూడు నాలుగు గంటలకోసారి లేత రంగులో పోస్తుంటే మీరు దారిలోనే ఉన్నారు. అయితే డైపర్ వేస్తే నీళ్ళ మోషన్, ఉచ్చ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ఈ నాలుగు రోజులు డైపర్ పక్కనపెట్టి పాత నూలుచీర ముక్కలు వేయండి. ఒరుసుకుపోకుండానూ ఉంటుంది. ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది, కొబ్బరినూనె రాయండి.

నాలుగైదు గంటలకోసారి ఇవి చూడండి. నోరు, నాలిక తడిగా ఉన్నాయా, పిడచగట్టుకుపోయాయా? ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా? కళ్ళు రోజూ ఉన్నట్టే ఉన్నాయా, లోతుకు పోయాయా? మీకు అనుమానంగా ఉంటే నిన్నటి ఫొటో తీసి పక్కన పెట్టి చూడండి.

చర్మం పరీక్ష ఇలా చేయాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకూ పొట్ట పక్క అంచుకూ మధ్య చోట, బొటనవేలు చూపుడువేలితో చర్మాన్ని నిలువుగా మడతలా పైకి పట్టుకుని ఒక్క సెకను ఉంచి వదలండి. గోళ్ళతో గిల్లకూడదు. టక్కున పరుచుకుపోతే మంచిదే. నెమ్మదిగా దిగితే నీరు తగ్గింది, ఆస్పత్రిలో చూపించాలి. రెండు సెకన్లు దాటినా మడత నిలబడి ఉంటే ఆ క్షణమే బయలుదేరండి. బొద్దుగా ఉన్న పిల్లల్లో నీరు తగ్గినా చర్మం మామూలుగానే కనిపించొచ్చు, కాబట్టి ఈ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నిద్రా, మగతా అన్న భయం రాత్రిపూట అందరికీ ఉంటుంది. పేరు పెట్టి పిలిచి, అరికాలు మీద వేలితో తట్టండి. నిద్రపోయే బిడ్డ చిరాకుపడి కళ్ళు తెరుస్తుంది, మీ మొహం చూస్తుంది, రొమ్ము నోటికి అందిస్తే చీకుతుంది. కళ్ళు తెరిచినా చూపు నిలపకపోతే, తల వాలిపోతుంటే అది మగత. తెల్లారేదాకా ఆగకండి.

ప్యాకెట్ దొరకని రాత్రి

లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను మెత్తటి ఉప్పు. రెండూ తలకొట్టి కొలవాలి, అంటే చాకు వీపుతో పైన చదును చేయాలి. గోపురంగా తీస్తే ఉప్పు దాదాపు రెట్టింపవుతుంది. కల్లుప్పుతో కొలత కుదరదు, మెత్తటి ఉప్పే కావాలి. ఇక్కడ కూడా కన్నీళ్ళ రుచి పరీక్ష తప్పనిసరి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి తెల్లారి ప్యాకెట్ దొరికేదాకానే వాడండి. కొలత మీద నమ్మకం లేకపోతే ఉప్పేసిన గంజి పట్టండి, అది మన చేతికి బాగా అలవాటైన పని.

మళ్ళీ మళ్ళీ చూసే తప్పులు

మోషన్లు ఆపే మాత్రలు. లోపెరమైడ్ లాంటివి పెద్దవాళ్ళు బస్సు ప్రయాణానికి వేసుకుంటారు. చిన్నపిల్లలకు వేస్తే పేగుల కదలికే ఆగిపోయి, పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ముక్క కూడా వేయొద్దు.

అడిగి మరీ వేయించుకునే యాంటీబయాటిక్స్. పసిపిల్లల్లో చాలా విరేచనాలు వైరస్ వల్ల వస్తాయి, వాటికి ఆ మందులు పనిచేయవు. రక్తంతో పడే జిగట విరేచనాలకు, కలరాకు అవి కావాలి. ఆ సంగతి డాక్టరు తేలుస్తారు.

"ఒక సెలైన్ ఎక్కించండి, త్వరగా తగ్గుతుంది." ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి ఇలా అడిగేవాళ్ళను ఎన్నోసార్లు చూశాను. నోటితో తాగగలిగే బిడ్డకు ఓఆర్‌ఎస్ సెలైన్‌కు తీసిపోదు. సూది, నొప్పి, నరం వాపు ఏవీ ఉండవు. తాగలేని, మగతగా ఉన్న బిడ్డకు సెలైన్ ప్రాణం పోస్తుంది, అది ఆస్పత్రిలో కొలత ప్రకారం ఎక్కించాలి.

"పళ్ళు వస్తున్నాయి, అందుకే పోతున్నాడు", "దిష్టి తగిలింది." దిష్టి తీసుకుంటే తీసుకోండి, కానీ ఆ లోపు ఓఆర్‌ఎస్ గిన్నె పక్కనే ఉండాలి. పళ్ళు వచ్చే వయసులో బిడ్డ కింద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, విరేచనాలు వచ్చేది ఆ మురికి వల్ల.

తగ్గిన తర్వాత

మోషన్ కొంచెం గట్టిపడి, రోజుకు రెండు మూడుకు తగ్గాక ఓఆర్‌ఎస్ ఆపేయొచ్చు. జింక్ కొనసాగుతుంది. రెండు వారాల పాటు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టండి. అంగన్‌వాడీలో ఈ వారం ఒకసారి, రెండు వారాలకు ఒకసారి బరువు తూయించండి. పోయిన బరువు తిరిగి రాకపోతే, లేదా విరేచనాలు 14 రోజులు దాటినా ఆగకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి, అది వేరే రకం జబ్బు.

ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే మోషన్ కడిగిన ప్రతిసారీ, వంటకు ముందు, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగండి. నీళ్ళతో తడిపితే సరిపోదు. రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు, బిడ్డ టీకాల కార్డు తీసి చూసుకోండి. 2016లో ఈ చుక్కలు ప్రభుత్వ టీకాల్లో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాటిలో రోటావాక్ టీకాను తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. ఈ చుక్కలు వేయించినా విరేచనాలు అసలే రావని కాదు, ప్రాణం మీదికి తెచ్చేంత తీవ్రంగా వచ్చేవి బాగా తగ్గుతాయి.

చివరగా, వాడిన ప్యాకెట్ల స్థానంలో కొత్తవి తెచ్చి పెట్టండి. రెండు లీటరు ప్యాకెట్లు, ఒక జింక్ స్ట్రిప్పు, కొలత బాటిల్ ఒక డబ్బాలో వేసి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. ప్రతి జూన్‌లో ఎక్స్‌పైరీ తేదీ చూడండి. పొడి గడ్డకట్టినా, రంగు మారినా పారేసి ఆశా దగ్గర కొత్తవి తీసుకోండి.